ఇంట్లో తుపాకీ: తాళానికీ తక్షణ అవసరానికీ మధ్య

ఆత్మరక్షణ కోసం ఇంట్లో తుపాకీ పెట్టుకున్న కుటుంబం ఆ ఆయుధం నుంచి ఒకేసారి రెండు విషయాలు ఆశిస్తుంది. అర్ధరాత్రి ఎవరైనా తలుపు పగలగొట్టుకుని లోపలికి వస్తే అది వెంటనే చేతికి అందాలి. మిగిలిన అన్ని వేళల్లోనూ అది ఎవరికీ అందకూడదు. మొదటి కోరిక తీరాలంటే తూటాలు నింపిన తుపాకీ తలాపున ఉండాలి. రెండోది తీరాలంటే తూటాలు తీసేసి, తుపాకీని బీరువాలో పెట్టి తాళం వేసి, తూటాలను మరో గదిలో దాచాలి. ఈ రెండింటికీ పొత్తు కుదరదనీ, ఏదో ఒకదాన్ని వదులుకోక తప్పదనీ చాలామంది అనుకుంటారు. పిల్లలున్నవాళ్లు బీరువా వైపు, ఒంటరిగా ఉండేవాళ్లు తలగడ వైపు మొగ్గుతారు. అసలు సిద్ధంగా ఉండవలసింది తుపాకీయా, దాన్ని పట్టుకునే మనిషా, ఆ ఇల్లా అన్న ప్రశ్న ముందు వేసుకుంటే ఈ పేచీలో చాలా భాగం తేలిపోతుంది.

ముందు కాలాన్ని లెక్కవేయాలి. ఒక తుపాకీ పదేళ్లు ఇంట్లో ఉంటే అది 87,600 గంటలు ఉన్నట్టు. ఆ పదేళ్లలో ఆ ఇంటి మీద దాడి అసలు జరగకపోవచ్చు. జరిగినా అది కొన్ని నిమిషాల వ్యవహారం. తక్కిన గంటలన్నింటిలో ఆ ఇంట్లో పిల్లలు పెరుగుతారు, చుట్టాలు వచ్చిపోతారు, పనివాళ్లు తిరుగుతారు, భార్యాభర్తలు గొడవపడతారు, ఎవరో ఒకరు ఉద్యోగం పోగొట్టుకుని తలుపు వేసుకుని కూర్చుంటారు. తుపాకీ ఆ గంటలన్నింటిలోనూ ఇంట్లోనే ఉంటుంది. అందువల్ల ముప్పును తూచేటప్పుడు ఆ కొన్ని నిమిషాలతో పాటు ఈ వేల గంటలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ లెక్కను మొదటిసారి సూటిగా ముందు పెట్టినవాళ్లలో ఆర్థర్ కెలర్‌మన్, డొనాల్డ్ రే అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ముఖ్యులు. వారు 1986లో ప్రచురించిన పరిశీలన సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీకి సంబంధించినది. తుపాకీ ఉన్న ఇళ్లలో ఆరేళ్ల కాలంలో తుపాకీ గాయంతో జరిగిన 398 మరణాలను వారు పరిశీలించారు. వాటిలో ఆత్మరక్షణ కిందికి వచ్చినవి తొమ్మిది. ప్రమాదవశాత్తు జరిగినవి పన్నెండు, నేరపూరిత హత్యలు 41, ఆత్మహత్యలు 333. అంటే ఆత్మరక్షణలో జరిగిన ఒక్కో మరణానికి మిగిలిన మూడు రకాలవి కలిపి 43. ఈ నిష్పత్తి మీద న్యాయమైన అభ్యంతరం ఒకటి ఉంది: తుపాకీ చూసి పారిపోయిన దొంగ, గాయపడి ప్రాణంతో మిగిలిన దొంగ ఈ లెక్కలోకి రారు. తుపాకీ వల్ల ఒనగూడిన రక్షణను శవాల సంఖ్యతో మాత్రమే కొలవలేం. అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకున్నా ఆ అంకెలు చెప్పే మరో సంగతి చెక్కుచెదరదు. తుపాకీ ఉన్న ఇంట్లో ప్రాణాలు పోయిన దారులు చాలావరకు లోపలివే. 2022లో కాలిఫోర్నియాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం కూడా ఈ దిశలోనే ఉంది. తమ పేర తుపాకీ లేకపోయినా చేతి తుపాకీ గల వ్యక్తితో ఒకే ఇంట్లో ఉంటున్నవారు హత్యకు గురయ్యే రేటు, తుపాకీ లేని ఇళ్లలో ఉన్నవారితో పోలిస్తే రెట్టింపుకు పైగా కనిపించింది.

ఈ విషయం మీద జరిగే చర్చల్లో అతి తక్కువగా వినిపించేది ఆత్మహత్య మాట. దొంగ గురించి గంటలకొద్దీ మాట్లాడేవారు కూడా ఆ 333 దగ్గరికి వచ్చేసరికి, అది తమ ఇంటికి సంబంధించినది కాదన్నట్టు దాటేస్తారు. కానీ జాగ్రత్తకూ సన్నద్ధతకూ మధ్య తూకం నిజంగా పరీక్షకు నిలబడేది ఇక్కడే. చావాలన్న ఆలోచన చాలామందిలో ఉప్పెనలా వచ్చి, కొంతసేపటికి వెనక్కి తగ్గుతుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో ప్రాణాపాయం అంచుకు వెళ్లి బతికిన 13 నుంచి 34 ఏళ్ల వయసువారితో మాట్లాడి 2001లో ప్రచురించిన పరిశోధనలో, వారిలో 24 శాతం మందికి నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య ఐదు నిమిషాలు కూడా లేవని తేలింది. మిగిలిన మార్గాల్లో చాలావాటికి ఆ తర్వాత మనసు మార్చుకునే వ్యవధి, ఆసుపత్రికి చేర్చే వ్యవధి ఉంటాయి. తుపాకీ ఆ వ్యవధిని దాదాపుగా మిగల్చదు. అందుకే ఆ ఐదు నిమిషాల్లో ఒక తాళం అడ్డుపడడం చిన్న విషయం కాదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో సైనికులు వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్లేటప్పుడు ఆయుధాలను శిబిరంలోనే వదిలి వెళ్లాలని నిబంధన తెచ్చింది. ఆ తర్వాత సైనికుల ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి. ఆ నిబంధన ఎవరి ధైర్యాన్నీ శంకించలేదు, ఎవరి మానసిక స్థితినీ విచారించలేదు. ఆయుధానికీ మనిషికీ మధ్య కొంత దూరం పెట్టిందంతే. తరతరాలుగా సైనికుల ఇళ్లలో రైఫిళ్లు ఉండే స్విట్జర్లాండ్ కూడా 2007లో, ఇళ్లలో ఉంచుకునే సైనిక తూటాలను వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది.

ఇందులోంచి ఇంటి యజమాని గ్రహించవలసిన కఠినమైన సంగతి ఒకటుంది. పెట్టె తాళం పిల్లలను, అతిథులను, దొంగను ఆపుతుంది; తాళం తీసే అంకెలు తెలిసిన వ్యక్తిని ఆపదు. ఆ వ్యక్తే కుంగిపోయిన రోజుల్లో తుపాకీ ఎక్కడ ఉండాలన్నది ముందే, మనసు తేటగా ఉన్నప్పుడే, ఇంట్లో మరొకరితో కలిసి తేల్చుకోవాలి. అంకెలు మార్చి మరొకరు తమ దగ్గర ఉంచుకోవచ్చు, లేదా చట్టం అనుమతించిన చోట ఆయుధాన్ని కొంతకాలం ఇంటి బయట భద్రపరచవచ్చు. ఆ కొద్ది వారాల్లో దొంగ వస్తే ఏం గతి అన్న ప్రశ్న సహజమే. అయితే ఆ వారాల్లో ఆ ఇంటికి పొంచి ఉన్న రెండు ముప్పుల్లో ఏది దగ్గరగా ఉందో ఆ ఇంటివాళ్లకు బయటివాళ్లు చెప్పనక్కర్లేదు.

పిల్లల విషయానికి వస్తే, ఎక్కువమంది తల్లిదండ్రులు నమ్ముకునేవి రెండే: దాచిపెట్టడం, బుద్ధి చెప్పడం. రెండూ ఊహించినంత పని చేయవు. 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 8 నుంచి 12 ఏళ్ల అబ్బాయిలు 64 మందిని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో పావుగంట పాటు వదిలారు. ఆ గదిలో ఒక సొరుగులో నిజమైన చేతి తుపాకీ ఉంది. అది పేలకుండా ముందే ఏర్పాటు చేశారు. 48 మంది అబ్బాయిలకు అది కనిపించింది. వారిలో 30 మంది చేతిలోకి తీసుకున్నారు. 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. తుపాకీని తాకినవారిలో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందు ఏదో ఒక రూపంలో తుపాకీ జాగ్రత్తలు విన్నవారే. చూసినవారిలో దాదాపు సగం మంది అది బొమ్మో నిజమైనదో తేల్చుకోలేకపోయారు, లేదా బొమ్మే అనుకున్నారు. దాచిపెట్టడం గురించి 2006లో మరో పరిశీలన వచ్చింది. తుపాకీ ఎక్కడుందో తమ పిల్లలకు తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది మాట నిజం కాదని వారి పిల్లలే విడిగా చెప్పారు. బీరువా పై అర, పాత చీరల కింద, సూట్‌కేసు అడుగున అని పెద్దలు ఎంచుకునే రహస్య స్థలాలన్నీ పిల్లలు దాగుడుమూతలు ఆడుకునే చోట్లే. పిల్లలకు చెప్పవలసింది చెప్పాలి. తుపాకీ కనిపిస్తే తాకకుండా బయటికి వచ్చి పెద్దవాళ్లను పిలవాలని పదేపదే చెప్పాలి. కానీ ఆ మాటను తాళానికి తోడుగా ఉంచుకోవాలే తప్ప, మాట చెప్పాం కదా అని తాళం మానేయకూడదు. 2005లో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయంలో గట్టి ఆధారం ఇస్తుంది. తుపాకీకి తాళం వేయడం, తూటాలు తీసి ఉంచడం, తూటాలకు తాళం వేయడం, తూటాలను వేరే చోట పెట్టడం అనే నాలుగు అలవాట్లలో ప్రతి ఒక్కటీ విడివిడిగానే పిల్లల, కుర్రకారు తుపాకీ గాయాలు తక్కువగా ఉండడంతో ముడిపడి కనిపించింది. వాటిలో అన్నింటికంటే బలంగా పనిచేసినట్టు కనిపించింది తుపాకీకి తాళం వేయడమే.

ఇంతవరకు చెప్పినదంతా బీరువా పక్షానికే బలం చేకూరుస్తున్నట్టుంది. కానీ ఆత్మరక్షణ కోసమే తుపాకీ పెట్టుకున్న మనిషికి, దాన్ని విడి భాగాలుగా చేసి మూడు తాళాల వెనక ఉంచమనడం, పెట్టుకోవద్దనడంతో సమానం. అమెరికా సుప్రీంకోర్టు 2008లో వాషింగ్టన్ నగర చట్టాన్ని కొట్టివేసినప్పుడు తేల్చిన అంశాల్లో ఇదొకటి. ఇంట్లో తుపాకీని ఎప్పుడూ విడదీసిగానీ, ట్రిగ్గర్‌కు తాళం బిగించిగానీ ఉంచాలన్న నిబంధన ఆత్మరక్షణనే అసాధ్యం చేస్తోందని ఆ కోర్టు అభిప్రాయపడింది. ఆ తీర్పుతో ఏకీభవించనివారు కూడా అందులోని తర్కాన్ని కాదనలేరు. అక్కరకు రాని ఆయుధం ఇంట్లో ఉంటే ముప్పు మిగులుతుంది, ప్రయోజనం మిగలదు.

అందుకే నడిమి దారి ఒకటి అవసరమైంది. అది మంచం దగ్గర నేలకో గోడకో బోల్టులతో బిగించిన చిన్న ఉక్కు పెట్టె. తాళంచెవి వెతుక్కునే పని లేకుండా, చీకట్లో వేళ్ల స్పర్శతోనే కొన్ని సెకన్లలో తెరుచుకోవాలి. బోల్టులు ఎందుకంటే, బిగించని పెట్టె దొంగకు అందమైన చేతిసంచీ లాంటిది. ఇంటివాళ్లు లేనప్పుడు వచ్చి పెట్టెతో సహా పట్టుకుపోతాడు. ఇలాంటి పెట్టెల్లో మీటలు నొక్కి తెరిచే యాంత్రికమైనవి, అంకెల మీద నడిచే ఎలక్ట్రానిక్‌వి, వేలిముద్రతో తెరుచుకునేవి ఉన్నాయి. వేలిముద్ర పెట్టె వినడానికి అన్నింటికంటే వేగమైనది. కానీ చెమట పట్టిన వేలు, తడిసిన వేలు, కోసుకున్న వేలు దాన్ని తికమక పెడతాయి. భయపడిన మనిషి చేతికి చెమట పట్టకుండా ఉండదు. అంతకంటే ప్రమాదకరమైనది దీనికి తలకిందులుగా జరగడం. 2023 అక్టోబరులో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్, ఎవరి వేలు పెట్టినా తెరుచుకోగల లోపం ఉందన్న కారణంతో సుమారు 61,000 బయోమెట్రిక్ పెట్టెలను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది. కొన్నరోజే యజమాని చేయదగిన పరీక్ష ఒకటుంది. తన వేలిముద్ర నమోదు చేశాక, ఇంట్లోవాళ్లందరి వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీ ఎప్పుడు మార్చారో పెట్టె లోపలి మూతకే ఒక చీటీ అంటించి రాసుకోవాలి. యాంత్రిక మీటల పెట్టె పాతకాలపుదిలా కనిపించినా, దానికి కరెంటు అక్కర్లేదు, తడి వేలైనా పొడి వేలైనా దానికి ఒకటే. ఎంచుకోవలసి వస్తే దానివైపే మొగ్గడం మంచిది.

పెట్టె తెరవడానికి పట్టే ఆ నాలుగైదు సెకన్లను నష్టంగా చూసే అలవాటే ఈ చర్చనంతా పక్కదారి పట్టిస్తోంది. గాఢనిద్ర నుంచి ఉలిక్కిపడి లేచిన మనిషి వెంటనే పూర్తిగా మేలుకోడు. కళ్లు తెరుచుకుంటాయి, కాళ్లు నేల మీద పడతాయి, కానీ ఎక్కడున్నాం, ఏం వింటున్నాం, ఎవరెవరు ఇంట్లో ఉన్నారన్న స్పృహ ఆలస్యంగా వస్తుంది. నిద్రమత్తు అనే ఈ స్థితి తొలి నిమిషాల్లో తీవ్రంగా ఉండి, పూర్తిగా పోవడానికి పావుగంట నుంచి అరగంట కూడా తీసుకోవచ్చు. తలగడ కింద తుపాకీ ఉన్న మనిషి చెయ్యి, అతని బుద్ధి కంటే ముందు మేలుకుంటుంది. మీటలు వరుస తప్పకుండా నొక్కి పెట్టె తెరవడం చిన్న పనే, కానీ దానికి కొంత బుద్ధి కావాలి. అంకెలు గుర్తుకు రానంత మత్తులో ఉన్నవాడు తుపాకీ పట్టుకోవడానికి కూడా తగిన స్థితిలో లేడు. ఆ కోణంలో తాళం పిల్లల నుంచి తుపాకీని కాపాడినట్టే, నిద్రమత్తులో ఉన్న యజమాని నుంచి అతని కుటుంబాన్ని కాపాడుతుంది. జాగ్రత్త, సన్నద్ధత రెండూ ఒకే పనిగా కలిసిపోయే చోటు ఇదే.

పెట్టెలోని తుపాకీ ఏ స్థితిలో ఉండాలన్న ప్రశ్నకు యంత్రం పనితీరు తెలియకుండా జవాబు చెప్పలేం. మ్యాగజైన్‌తో, అంటే తూటాలు నింపే విడి డబ్బీతో, పనిచేసే పిస్తోలులో తూటాలు పిడి లోపల ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే, అది ముందుకు దూసుకెళ్తూ పై తూటాను తోసుకుపోయి గొట్టం మొదట్లో ఉన్న చాంబర్‌లో కూర్చోబెడుతుంది. అక్కడ కూర్చున్న తూటాకు మ్యాగజైన్‌తో ఇక సంబంధం లేదు. మ్యాగజైన్ బయటికి తీసేసి, చేతిలో బరువు తగ్గింది కదా అని తుపాకీ ఖాళీ అనుకుని, సరదాగానో శుభ్రం చేయడానికో ట్రిగ్గర్ నొక్కిన ఘటనలు లెక్కలేనన్ని. క్రమం ఎప్పుడూ ఒకటే: మొదట మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి తూటా బయట పడేలా చేయాలి, ఆపై చాంబర్‌లోకి కంటితో చూడాలి, వెలుతురు చాలకపోతే చిటికెన వేలు పెట్టి తడమాలి. క్రమం తిరగేసి ముందు స్లైడ్ లాగితే, ఒక తూటా బయటికి పడుతుంది, మ్యాగజైన్‌లోని మరో తూటా దాని స్థానంలోకి ఎక్కుతుంది. యజమాని తన కళ్ల ముందు తూటా నేల మీద పడడం చూశాడు కాబట్టి తుపాకీ ఖాళీ అయిందని నమ్ముతాడు. ఈ పొరపాటులోని ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

ఈ నేపథ్యంలో ఇంటి తుపాకీకి ఎక్కువమంది శిక్షకులు చర్చించే స్థితులు రెండు. ఒకటి, మ్యాగజైన్ నిండుగా, చాంబర్ ఖాళీగా ఉంచడం. రెండోది, చాంబర్‌లో కూడా తూటా ఉంచడం. మొదటిదానిలో స్లైడ్ లాగడం అనే అదనపు మెట్టు ఉంటుంది. దానికి రెండు చేతులు, కొంత బలం కావాలి. చిన్న పిల్లలకు ఆ బలం చాలదు. ఒక చేత్తో బిడ్డను ఎత్తుకున్న తల్లికీ, చేతికి గాయమైన మనిషికీ అదే మెట్టు అడ్డంకి అవుతుంది. రెండోదానిలో ఆ అడ్డంకి లేదు. దానితో పాటు ఆఖరి రక్షణ కూడా లేదు. పెట్టె తాళం గట్టిదైతే, ఇంట్లో పెద్దవాళ్లకు స్లైడ్ లాగే సాధన ఉంటే, చాంబర్ ఖాళీగా ఉంచడమే వివేకం. అక్కడ పోయేది ఒక్క సెకను. మిగిలేది, ఎవరో మరిచిపోయి తెరిచి ఉంచిన పెట్టెకీ పెద్ద నష్టానికీ మధ్య నిలిచే ఒక అడ్డు. రివాల్వర్‌కు ఈ వెసులుబాటు లేదు. దాని తిరిగే చక్రంలోని తూటా గదులన్నీ నింపి ఉంటే ట్రిగ్గర్ బలంగా నొక్కడమే తరువాయి. కాబట్టి రివాల్వర్ ఉన్న ఇంట్లో భారమంతా తాళం మీదే పడుతుంది. ఏ స్థితి ఎంచుకున్నా దాన్ని మార్చకూడదు. ఈ వారం నింపి, వచ్చే వారం ఖాళీ చేసి, భార్య ఒక విధంగా, భర్త మరో విధంగా పెట్టే తుపాకీ అన్నింటికంటే ప్రమాదకరం.

అమెరికా మెరైన్ దళ మాజీ అధికారి, 1976లో అరిజోనాలో శిక్షణ సంస్థ నెలకొల్పిన జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాలు నేడు ప్రపంచమంతటా శిక్షణలో పునాది. ప్రతి తుపాకీనీ ఎప్పుడూ నిండి ఉన్నట్టే భావించాలి, నాశనం చేయడానికి సిద్ధపడని దేని వైపూ గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేవరకు వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు, కాల్చబోయేది ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. కాల్పుల మైదానంలో మొదటి మూడు సూత్రాల మీదే చూపు నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ లక్ష్యం కాగితం, దాని వెనక మట్టికట్ట. ఇంట్లో కష్టమంతా నాలుగో సూత్రంలో ఉంది.

2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పరుగు క్రీడాకారుడు ఆస్కార్ పిస్టోరియస్ తన స్నానాలగదిలోని మూసి ఉన్న మరుగుదొడ్డి తలుపు గుండా నాలుగు సార్లు కాల్చాడు. లోపలున్నది అతని స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్, ఆమె చనిపోయింది. కోర్టులో అతని వాదన, లోపల దొంగ ఉన్నాడనుకున్నానని. ఆ వాదనను ప్రాసిక్యూషన్ తోసిపుచ్చింది, లోకం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంది. కానీ 2015 డిసెంబరులో ఆ దేశపు అప్పీలు సుప్రీంకోర్టు దాన్ని హత్యగా నిర్ధారించినప్పుడు వేసిన తర్కం, ఇంట్లో తుపాకీ ఉన్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. తలుపు వెనక ఎవరున్నారన్నది ప్రశ్న కాదు; అంత ఇరుకు గదిలోకి నాలుగు తూటాలు కాల్చినవాడికి, లోపల ఉన్నవారెవరైనా చనిపోతారని తెలిసి ఉండాలని ఆ కోర్టు అంది. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1992లో, అమెరికాలోని బేటన్ రూజ్‌లో 16 ఏళ్ల జపాన్ విద్యార్థి ఒకడు విందు జరిగే ఇల్లనుకుని పొరపాటున మరో ఇంటి గంట మోగించి, ఆ ఇంటి యజమాని తుపాకీకి బలయ్యాడు. యజమాని క్రిమినల్ కేసు నుంచి బయటపడ్డాడు. సివిల్ కోర్టు మాత్రం అతన్ని బాధ్యుణ్ని చేసింది. రెండు చోట్లా తుపాకీ సిద్ధంగా ఉంది, మనిషి సిద్ధంగా ఉన్నాననుకున్నాడు. కొరవడింది ఎదుట ఉన్నదెవరన్న నిర్ధారణ.

దీనికి అత్యంత చవకైన పరికరం టార్చి. అది తుపాకీకి బిగించినది కాకుండా, విడిగా చేత పట్టుకునేదై ఉండాలి. తుపాకీకి బిగించిన దీపంతో ఎవరి ముఖమైనా చూడాలంటే ముందు ఆ ముఖం వైపు తుపాకీ తిప్పాలి. చూసిన తర్వాత అది కాలేజీ నుంచి చెప్పకుండా వచ్చిన కొడుకని తెలిస్తే, ఆ తిప్పడమే రెండో సూత్రానికి భంగం. విడి టార్చి కంటే ముందు వాడదగినది గొంతు. గట్టిగా కేకవేసి ఎవరని అడిగితే ఇంటివాడు పలుకుతాడు, తాగి దారి తప్పిన పొరుగువాడు తడబడతాడు, దొంగ చాలా సందర్భాల్లో పారిపోతాడు. గోడల సంగతి కూడా ఇందులో భాగమే. పలుచని జిప్సం పలకల గోడలను చేతి తుపాకీ తూటా ఒకదాని తర్వాత ఒకటిగా దాటిపోగలదు. పిల్లల మంచాలు ఏ గోడ అవతల ఉన్నాయో పగటిపూటే చూసుకుని, ఏ దిక్కుకు ఎట్టి పరిస్థితిలోనూ కాల్చకూడదో ముందే తేల్చుకోవాలి.

ఇల్లంతా గాలిస్తూ తిరగడం సినిమాలు నేర్పిన చెడు అలవాటు. శిక్షణ పొందిన పోలీసులే ఆ పనికి జట్టుగా వెళ్తారు, ఎందుకంటే మూల వెనక కదలకుండా నిలబడ్డవాడికి, మూల తిరిగి వచ్చేవాడు ముందు కనిపిస్తాడు. కుటుంబమంతా ఒక గదిలో చేరి, తలుపు గడియపెట్టి, మంచానికో బీరువాకో అటువైపు ఒదిగి, ఒకరు పోలీసులకు ఫోన్ చేస్తుండగా మరొకరు తలుపు వైపు చూస్తూ ఉండడం చూడడానికి వీరోచితంగా ఉండదు, కానీ అన్ని విధాలా మేలు. అక్కడ తుపాకీ అవసరమయ్యేది ఆ తలుపు కూడా విరిగినప్పుడే. అప్పుడు వచ్చినవాడెవరో, ఎందుకు వచ్చాడో సందేహం దాదాపుగా మిగలదు. పిల్లలు వేరే గదిలో పడుకునే ఇంట్లో ఈ పథకం మారుతుంది. ఎవరో ఒకరు వెళ్లి తేవాలి, గొట్టం నేల వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. చీకట్లో ఎదురుగా పరుగెత్తుకు వచ్చే మొదటి ఆకారం తమ బిడ్డే అయివుంటుందన్న తెలివితో నడవాలి. వీలైతే ఆ చేర్చే గదిగా పిల్లల గదినే ఎంచుకోవడం ఇంకా మంచిది.

ఇంకా వెనక్కి వెళ్తే, సమయాన్ని అసలు సంపాదించవలసింది పడకగదిలో కాదు, వాకిట్లో. గట్టి తలుపు చాలామంది పెట్టిస్తారు. తన్నితే ముందుగా విరిగేది తలుపు కాదు, గొళ్లెం దిగే చట్రం అంచు. అక్కడి లోహపు పలకను పొట్టి మరలతో కాకుండా, చట్రం దాటి లోపలి దన్ను దాకా దిగే పొడవైన మరలతో బిగిస్తే ఒక్క తన్నుకు పోయే తలుపు పది తన్నులకు నిలుస్తుంది. కదలికకు వెలిగే దీపం, అరిచే కుక్క, మోగే అలారం కూడా చేసేది ఇదే పని. లోపలివాళ్లకు ముందుగా మెలకువ తెప్పిస్తాయి. పెట్టె తెరవడానికి పట్టే ఐదు సెకన్ల మీద బెంగపెట్టుకునే మనిషి, వాకిలి దగ్గర ముప్పై సెకన్లు సంపాదిస్తే ఆ బెంగ తీరిపోతుంది. తుపాకీకి తాళం వేయగల ధైర్యం ఇంటికి వేసిన తాళం నుంచే వస్తుంది.

చట్టం సంగతి దేశానికొక తీరు. అయినా దాదాపు అన్నిచోట్లా ఉమ్మడిగా కనిపించేది, ముప్పు ఉన్నంతసేపే హక్కు ఉంటుందన్న నియమం. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చడం, టీవీ మోసుకుపోతున్నవాణ్ని చంపడం అనేకచోట్ల రక్షణ కిందికి రావు. ఇంగ్లండ్‌లో 1999లో తన పొలం ఇంట్లోకి చొరబడినవారిపై కాల్పులు జరిపిన టోనీ మార్టిన్ అనే రైతు, 16 ఏళ్ల కుర్రవాడి మరణానికి శిక్ష అనుభవించాడు. ఆ కుర్రవాడికి తూటా తగిలింది వీపులో.

సాధన విషయంలో, మైదానంలో వందల తూటాలు కాల్చడం కంటే ఇంట్లో చేసే ఖాళీ అభ్యాసం ఈ ప్రయోజనానికి ఎక్కువ ఉపయోగపడుతుంది. తూటాలన్నీ మరో గదిలో పెట్టి, తుపాకీ ఖాళీ అని ఇద్దరు విడివిడిగా చూసిన తర్వాత, దీపాలు ఆర్పి మంచం మీద నుంచి లేచి పెట్టె తెరవడం, టార్చి అందుకోవడం, ఫోన్ తీయడం, కేక వేయడం నెలకొకసారి చేసి చూస్తే లోపాలు వాటంతట అవే బయటపడతాయి. ఒక ఇంట్లో కళ్లజోడు ఎక్కడ పెట్టారో దొరకదు, మరో ఇంట్లో ఫోన్ చార్జింగ్ కోసం వంటగదిలో ఉంటుంది. వీటిని సరిదిద్దడానికి డబ్బు అక్కర్లేదు.

చివరగా, అంతగా ఎవరూ పట్టించుకోని ఘడియ ఒకటుంది. ఎక్కువ రాత్రుల్లో చప్పుడు పిల్లిదో గాలిదో అవుతుంది. నిజంగా దొంగే వచ్చి పోలీసులు వచ్చే సరికి, వాకిట్లో తుపాకీతో నిలబడ్డ మనిషి ఇంటి యజమానో దొంగో వాళ్లకు తెలియదు. వాళ్లు లోపలికి అడుగు పెట్టకముందే ఆయుధం కింద పెట్టి, ఖాళీ చేతులు కనిపించేలా ఉండాలి, ఆ మాట ఫోన్‌లోనే ముందుగా చెప్పాలి. పిల్లి చప్పుడు రాత్రి జరిగేది ఇంకోలా ఉంటుంది. యజమాని లేచాడు, పెట్టె తెరిచాడు, స్లైడ్ లాగాడు, ఇల్లు చూశాడు, ఏమీ లేదు. గుండె దడ తగ్గాక నిద్ర ముంచుకొస్తుంది. తుపాకీని అలాగే పెట్టెలో పెట్టి పడుకుంటాడు. ఆ రాత్రి నుంచి, ఖాళీగా ఉంటుందని ఇంట్లో అందరికీ తెలిసిన చాంబర్‌లో ఒక తూటా ఉంటుంది. నెల తర్వాత తీరిక దొరికిన ఆదివారం అతనే శుభ్రం చేయడానికి దాన్ని బయటికి తీస్తాడు, చాంబర్ ఎప్పుడూ ఖాళీయే కదా అన్న ధీమాతో. అందుకే, ఎంత నిద్ర వస్తున్నా దీపం వేసి, గొట్టం ఎవరూ లేని దిక్కుకు పెట్టి, మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, పడిన తూటాను చేతిలోకి తీసుకుని, చాంబర్‌లోకి చూసి, ఆ తూటాను తిరిగి మ్యాగజైన్‌లోకి ఎక్కించి, అప్పుడు పెట్టె మూసి పడుకోవాలి.